సఫర్ నెల కుక్కకాటు

లాడ్లేసాబ్‌ను పిచ్చికుక్క కరిచిన నాడు మబ్బు పట్టి ఉన్నది గని చినుకు పడలేదు. అల్లం మడిల వంగి కలుపు పీకుతుంటే అది గట్టు మీదికెల్లి వచ్చింది. తోక కాళ్ళ సందుల పెట్టుకొని, సొంగ కార్చుకుంట, ఎవరో పిలిస్తే పోతున్నట్టు సక్కగ వచ్చింది. అరవలేదు. కుడిచేతి మణికట్టు పట్టుకున్నది. పట్టుకొని ఇడువలేదు. పక్క చెలక వీరప్ప ఉరికొచ్చి గొడ్డలి కామతోని నెత్తి మీద ఏసినంకనే ఇడిచింది. ఇడిచి, తూలుకుంట పోయి, వీరప్ప కొట్టం ముంగట కట్టేసిన లేగదూడను మూతి మీద కొరికింది. అక్కడ్నే పడి సచ్చింది.

పందొమ్మిదొందల అరవై ఒకటో సంవత్సరం అది. జహీరాబాద్‌ల దవాఖాన ఉన్నది, డాక్టర్ ఉన్నడు, మందులే సగం ఉన్నయి, సగం లేవు. డాక్టర్ గాయం కడిగిండు. సబ్బుతోని మళ్ళ కడిగిండు. ఎముక కనబడుతున్నది.

"ఆ సూదులు ఈడ లేవు. హైదరాబాద్ పోవాలె. బొడ్డు సుట్టు ఇస్తరు, పద్నాలుగు. రేపే పో."

"పోకపోతే ఏమైతది సారు?" అన్నడు లాడ్లేసాబ్.

"పిచ్చి లేస్తది. ఇయ్యాల లేవకపోవచ్చు, నెలకు లేవచ్చు. లేసినంక మాత్రం మందు లేదు. నాకాడ లేదు, హైదరాబాద్‌ల లేదు, లండన్‌ల లేదు."

లాడ్లేసాబ్ మంచి పొడగరి. బండి కట్టుకొని ఎండుమిరపకాయ, వెల్లిపాయ అంగళ్ళకు మోసేటోడు. బస్తా ఒంటిచేత్తోని ఎత్తుతడు గని సూది అంటే ఆయనకు చిన్నప్పటి సంది పానం పోతది. పద్నాలుగు అన్న మాట విన్నప్పుడే మొఖం తెల్లగ అయింది. ఇంటికి పోయేదాంక వీరప్ప భుజం ఇడువలేదు.

ఇంట్ల ఆయన తల్లి ఖాసింబీ ఉన్నది. ఆమె కథ విన్నది, కట్టు చూసింది, ఏడ్చింది. ఏడ్చి కండ్లు తుడుచుకొని ఒక్క మాట అన్నది.

"తేరా తేజీల కొడుకును గడప దాటనియ్య."

సఫర్ నెల అంటే వాళ్ళ నెలలల్ల రెండోది. అందుల మొదటి పదమూడు దినాలు తేరా తేజీ. ఆ దినాలల్ల పెండ్లి చెయ్యరు, కొత్త బట్ట కట్టరు, దూరం ప్రయాణం అసలే పెట్టుకోరు. బలా, అంటే కీడు, అంత ఆ దినాలల్లనే ఆకాశంకెల్లి దిగుతదని నమ్మకం. పదమూడో నాడు మినుములు, కోడిగుడ్లు, నూనె తలగడ కింద పెట్టుకొని పండి, పొద్దుగాల లేసి దానం చేస్తే అది పోయినట్టు. ఖాసింబీ మొగడు ఒకప్పుడు తేరా తేజీలనే బీదర్ పోయిండు. పోయినోడు నడిచి పోయిండు, వచ్చేటప్పుడు బండిల పండబెట్టుకొని తెచ్చిన్రు. కలరా. ఇగ ఆమెకు ఎవరు చెప్పనక్కర లేదు.

"మాకు ఆషాఢం, మీకు తేరా తేజీ," అన్నడు వీరప్ప గడప బయట నిలబడి. "ఈ ఏడు రెండూ ఒక్కపారే తగిలినయి. కుక్కకు ఎవలన్న చెప్పి ఉంటే ఆగుతుండె."

"ఎక్కిరించకు వీరన్నా," అన్నది లోపటికెల్లి మౌలాబీ. ఆమె లాడ్లేసాబ్ పెండ్లాం. "నువ్వు జర మా అన్నను తోలుకరా. ఆయన చెప్తే అమ్మీ వింటదేమో."

మౌలాబీ అన్న రుక్నుద్దీన్ మౌల్వీ. మోహల్ల చిన్న మసీదుల ముంగట నిలబడి నమాజు చదివించే పేషిమాం. నలభై దాటినయి, సన్నటి మనిషి, మెత్తగ మాట్లాడుతడు. బీదర్ దిక్కు ఒక ఉస్తాద్ కాడ ఏండ్లకేండ్లు కూసొని హదీసు చదివిండు. హదీసు అంటే ప్రవక్త పైగంబర్ సాబ్ చెప్పిన మాట, చేసిన పని. ఆ మాటలు నోటికెల్లి నోటికి వచ్చినయి. వచ్చే తొవ్వల మంచిమాటల నడుమ ఎవలెవలో కల్పించినవి గూడ కలిసినయి. వాటిని ఏరుడే ఆ చదువు. అంగట్ల ఎద్దును కొన్నట్టు, అనేటోడు ఉస్తాద్. కొమ్ములు నున్నగున్నయని కొంటమా? పండ్లు చూస్తం, నడక చూస్తం, ఎవని కొట్టంకెల్లి వచ్చిందో అడుగుతం. మాట గూడ అంతే. ఎవరు చెప్పిన్రు, ఆయనకెవరు చెప్పిన్రు, ఆ ఇద్దరూ ఒక్క కాలంల బతికిన్రా, కలిసిన్రా, అబద్ధమాడే అలవాటున్నదా, యాది సక్కగుంటదా. వరుసల ఒక్కడు కుంటోడున్నా మాట పక్కకు పెట్టాలె.

రుక్నుద్దీన్‌కు ఆ చదువు పానంల కలిసిపోయింది. మోహల్ల జనం నవ్వేటోళ్ళు. వాన వస్తుందంటే గూడ ఎవరు చెప్పిన్రని అడుగుతడు మన మౌల్వీ, అనేటోళ్ళు.

ఆయన వచ్చి బావ చెయ్యి చూసిండు. చెల్లె అత్తమ్మ ఖాసింబీ ముంగట కూసున్నడు.

"అమ్మీ, రేపు పొద్దుగాల బస్సుకు నేనే తోలుకపోత. తయారు చెయ్యి."

"సఫర్ నెల దాటిందన్న కబురు నాకెవరు తెస్తరో వాళ్ళకు జన్నత్ కబురు నేనిస్త అన్నరు పైగంబర్ సాబ్," అన్నది ఖాసింబీ. "అంటే ఎంత చెడ్డ నెలో సూడు. మౌల్వీవి నీకు తెల్వదా?"

"ఆ మాట ఎవరు చెప్పిన్రు అమ్మీ?"

"నన్ను గవాహీ, సాక్ష్యం అడుగుతున్నవా? మా అత్త చెప్పింది. మా అత్త అబద్ధమాడుతదా?"

"ఆడదు. ఆమెకెవరు చెప్పిన్రు?"

"ఆమె అత్త."

"ఆమెకు?"

"నువ్విట్ల అడుగుకుంట పోతే ఆదంబాబా దాకా పోతవు."

"అంత దూరం వద్దమ్మీ. మదీనా దాకా పోతే సాలు. నీ మాట ఆడికి పోతలేదు. మీ అత్తల కాడనే ఆగిపోయింది. పెద్దపెద్దోళ్ళు ఎతికిన్రు, దానికి వరుస లేదు. ఎవలో కల్పించిన మాట."

ఖాసింబీకి కోపం వచ్చింది. "నీ వరుసలు నీకాడ పెట్టుకో. నా మొగడు బండిల వచ్చిండు. దానికి వరుస నేనే. నా కండ్లతోని చూసిన."

రుక్నుద్దీన్ బావ దిక్కు చూసిండు. లాడ్లేసాబ్ తల వంచుకొని కట్టు మీది దారం పీకుతున్నడు.

"నువ్వేమంటవు మియా?"

"అమ్మీని ఏడిపించి యాడికి పోతం భాయ్‌సాబ్? తేరా తేజీ దాటనియ్యి. దాటంగనే పోత. నొప్పి గూడ అంత లేదు."

నొప్పి లేదంటున్నడు గని సూదులకు భయపడుతున్నడని రుక్నుద్దీన్‌కు తెలిసింది. తల్లి మాట అడ్డం ఉన్నంతసేపు ఆ భయానికి నీడ దొరికింది. ఆ నీడ తీసేస్తే మనిషి బయటికొస్తడనుకున్నడు. అక్కడ్నే తప్పు జరిగింది, గని అది తర్వాత సంగతి.

తెల్లారి మళ్ళ పోయిండు, కాదన్నరు. మూడోనాడు చెల్లె కండ్లనీళ్ళు పెట్టుకున్నది, కాదన్నరు. డాక్టర్ తొవ్వల కనబడి, పంపినవా అని అడిగిండు. రుక్నుద్దీన్ తల అడ్డం ఊపిండు. డాక్టర్ సైకిల్ ఎక్కి పోయిండు.

ఇగ ఒక్కటే ఉపాయం అనుకున్నడు రుక్నుద్దీన్. శుక్రవారం మసీదుల అందరి ముంగట చెప్పాలె. ఊరంత తేరా తేజీని ఇడిస్తే అత్తమ్మ ఒక్కతే పట్టుకొని ఎన్నొద్దులుంటది? లాడ్లేసాబ్ గూడ ముంగటి వరుసలనే ఉంటడు.

శుక్రవారం మసీదు నిండింది. బయట చాపలు పరిచిన్రు. రుక్నుద్దీన్ ఎన్నడూ గొంతెత్తి మాట్లాడలేదు, ఆనాడు ఎత్తిండు. సఫర్ నెల మీద జనం చెప్పుకునే మాటలు ఒక్కొక్కటి తీసిండు. దీనికి చెప్పినోడే లేడు. దీన్ని చెప్పినోడు అబద్ధాలకోరని ఆనాటోళ్ళే అన్నరు. దీంట్ల ఒకడు పుట్టకముందే ఇంకొకడు సచ్చిపోయిండు, ఇద్దరూ మాట్లాడుకున్నరట. జనం నవ్విన్రు. ముసలోళ్ళు మాత్రం గడ్డాలు దువ్వుకుంట కూసున్నరు.

"మరి పైగంబర్ సాబ్ నిజంగ చెప్పిన మాట ఏంది? వినున్రి. దీని వరుస ఇనుప గొలుసు. అందరు సత్యం పలికేటోళ్ళు, అందరు ఒకరినొకరు చూసినోళ్ళు. ఆయన అన్నరు: అంటు లేదు. అపశకునం లేదు. గుడ్లగూబల దోషం లేదు. సఫర్ నెల దోషం లేదు."

ఆ మాటకు ఇంకో కొస ఉన్నది. నోటిదాంక వచ్చింది గూడ. గని ఆయనకు కావాల్సింది సఫర్. అది చెప్పేసిండు, మేకు దిగింది, సుత్తె కింద పెట్టిండు. నమాజుకు నిలబడిన్రు.

నమాజు అయినంక లాడ్లేసాబ్ వచ్చి కౌగిలించుకున్నడు. మొఖం తేటగున్నది, వారం సంది ఆ మొఖం అట్ల లేదు.

"భాయ్‌సాబ్, నా నెత్తి మీది బరువు దించినవు," అన్నడు.

రుక్నుద్దీన్ ఆ రాత్రి కండ్లనిండ నిద్రపోయిండు.

పొద్దుగాల బస్సు చార్జీలు, ఒక దుప్పటి సంచిల పెట్టుకొని చెల్లె ఇంటికి పోయిండు. వాకిట్ల లాడ్లేసాబ్ బండి కడుతున్నడు. బస్తాలు ఎక్కినయి. ఎడమచేత్తోని పగ్గాలు సరిచేస్తున్నడు.

"బండి ఎందుకు? బస్సుల పోదాం."

"బీదర్‌కు బస్సుల బస్తాలు ఎక్కనిస్తరా భాయ్‌సాబ్?"

"బీదర్ ఏంది?"

"అంగడి. ప్రయాణానికి అడ్డం లేదని నువ్వే అంటివి గద. అమ్మీ గూడ ఒప్పుకున్నది. బీదర్ అయినంక న్యాల్‌కల్, ఆడికెల్లి ఇంకో రెండు అంగళ్ళు. తేరా తేజీ అని కూసుంటే మిరపకాయ మెత్తబడుతున్నది."

"హైదరాబాద్ పోవాలె మియా! సూదులకు!"

లాడ్లేసాబ్ నవ్విండు. చిన్నపిల్లగానికి చెప్పినట్టు చెప్పిండు. "అంటు లేదు అన్నరు గద పైగంబర్ సాబ్. కుక్క రోగం కుక్కది. నాకెట్ల అంటుతది? డాక్టర్ చెప్పిన మాటకు వరుస ఏంది? నువ్వు చెప్పినదానికి ఇనుప గొలుసు ఉన్నది."

రుక్నుద్దీన్ బండి చక్రం పట్టుకొని నిలబడ్డడు.

"అది అట్ల కాదు మియా. రోగం తనంత తాను, అల్లా ఆజ్ఞ లేకుంట అంటదని పాతకాలపోళ్ళు నమ్మేటోళ్ళు, దాన్ని కాదన్నరు. ఆ మాటకు కొస ఉన్నది. కుష్ఠు ఉన్నోని కాడికెల్లి, సింహాన్ని చూసి ఉరికినట్టు ఉరుకుమన్నరు. అదే మాటల, అదే వరుసల ఉన్నది. మందు తినున్రి అని గూడ అన్నరు."

గడపల కూసున్న ఖాసింబీ పండ్లు లేని నోటితోని తమలపాకు నములుతున్నది.

"నిన్న లేదన్నవు, ఇయ్యాల ఉరుకుమంటున్నవు," అన్నది. "నిన్న ఈ కొస యాడ పెట్టినవు మౌల్వీ? జేబుల పెట్టుకున్నవా?"

"అమ్మీ, నిన్న సఫర్ సంగతి చెప్పవడితిని..."

"నా మాటకు వరుస లేదన్నవు, సరే అన్న. ముసలిదాన్ని, నా అత్తను గూడ పక్కకు పెట్టిన. నీ మాట పట్టుకున్న. ఇప్పుడు నీ మాట గూడ సగమే అంటున్నవు. ఇగ నేనెవరిది పట్టుకోవాలె?"

బండి కదిలింది. ఎడ్ల గజ్జెలు సందు మలుపు దాంక వినబడ్డయి. మౌలాబీ తలుపు చాటుకెల్లి అన్న దిక్కు చూసింది.

ఆ దినం సంది రుక్నుద్దీన్ మనిషి మనిషి లెక్క లేడు. లాడ్లేసాబ్ ఒక అంగట్ల ఉన్నడని విని పోతే, ఇంకో అంగడికి పోయిండని చెప్పేటోళ్ళు. న్యాల్‌కల్ దాంక నడిచి పోయిండు. నిన్ననే బీదర్ దిక్కు సరిహద్దు దాటిండన్నరు. చిరాగ్‌పల్లి కాడ బొంబాయి రోడ్డు మీద ఒక పూట కూసున్నడు. లారీలు పోయినయి, బస్సులు పోయినయి, ఆ బండి రాలేదు.

తర్వాతి శుక్రవారం మొత్తం మాట చెప్పిండు, కొసతోని సహా. అంటు అంటే ఏంది, ఎందుకన్నరు, అన్నీ ఇప్పిండు. జనం విన్నరు గని ఆవులించుకుంట విన్నరు. బయట చెప్పులు తొడుక్కుంట ఒక ముసలాయన భుజం మీద చెయ్యేసి అన్నడు, "మౌల్వీసాబ్, వారానికో మాట చెప్పకు. జనం తిప్పల పడతరు. పోయిన వారంది బాగుండె. పొట్టిగుండె, యాదుంటది."

ఆ పొట్టి మాట అప్పటికే ఊరు దాటింది. గింజల బజారు గంజిల హమాలీలు అనుకుంటున్నరు. చాయ హోటల్ల అనుకుంటున్నరు. ఒక మోహల్ల పిల్లకు అమ్మవారు పోసింది. ఎప్పుడైనా ఆ ఇంటికి వేపాకు కట్టి, పిల్లలను దూరం పెట్టేటోళ్ళు. ఈపారి ఒక తండ్రి తన పిల్లలను ఆడుకొమ్మని ఆ ఇంట్లకే తోలిండట. ఎందుకు తోలినవంటే, అంటు లేదు, పైగంబర్ సాబ్ అన్నరు, అన్నడట. నీకెవరు చెప్పిన్రంటే, రుక్నుద్దీన్ మౌల్వీ చెప్పిండు, ఆయన వరుస చూడంది చెప్పడు, అన్నడట.

అది విన్న నాడు రుక్నుద్దీన్ అన్నం ముంగట కూసొని లేసిండు. ఆ ఇంటికి ఉరికి, పిల్లలను బయటికి తోలిపిచ్చి వచ్చిండు. ఇన్నేండ్లు ఆయన వరుసల పేర్లు చదివిండు. ఈయన గట్టోడు, ఈయన మరుపోడు, ఈయన మాటను సగం కోసి చెప్పేటోడు, ఈయనను నమ్మొద్దు. ఎన్నడో సచ్చిపోయినోళ్ళ పేర్లు అవి. ఇప్పుడు ఆ వరుస కొసకు తన పేరు గూడ చేరింది. దాని పక్కన ఏం రాస్తరో ఆయనకు తెలుసు.

వానలు మొదలైనయి. అల్లం మడి మోకాలెత్తు పచ్చగ లేసింది. తేరా తేజీ దాటింది, ఎవరికీ ఏం కాలేదు. లాడ్లేసాబ్ గాయం మానిందని, పక్కు గూడ రాలిందని బీదర్‌కెల్లి వచ్చినోళ్ళు చెప్పిన్రు. మౌలాబీ నవ్వుడు మొదలుపెట్టింది. ఊర్ల రుక్నుద్దీన్ ఒక్కడే భయపడుతున్నడు. భయపడేటోడు ఒక్కడే ఉంటే జనం వాణ్ణే పిచ్చోడంటరు.

సఫర్ నెల ఆఖరి దినాలల్ల, ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం వీరప్ప మసీదు గుమ్మం కాడికొచ్చిండు. ఎప్పుడొచ్చినా ఒక పరాచికం ఆడుకుంటనే వచ్చేటోడు. ఆనాడు ఆడలేదు.

"లేగ నీళ్ళు ముడుతలేదు మౌల్వీసాబ్."

రుక్నుద్దీన్ చెప్పులు మరిచి ఉరికిండు.

కొట్టం తలుపు వేసి ఉన్నది. లోపటికెల్లి వచ్చే చప్పుడు లేగదూడ చప్పుడు లెక్క లేదు. బొంగురుగ, తెగి తెగి, గొంతు పగిలిన ముసలోడు పిలిచినట్టున్నది. తలుపు సందులకెల్లి చూసిండు. కట్టుకొయ్య సగం కొరికి ఉన్నది, మూతి అంత నెత్తురు. రాతి తొట్టిల నీళ్ళు కదిలినప్పుడల్ల దాని మెడ ఎనకకు ఇరుచుకపోతున్నది. దాహానికి నాలిక బయటికొచ్చి ఉన్నది. తొట్టి జానెడు దూరంల ఉన్నది.

"మొన్న దాని నోట్ల చెయ్యి పెట్టిన, ముల్లేమన్న ఇరికిందేమోనని," అన్నడు వీరప్ప. "రేపు పొద్దుగాల నేనైతే హైదరాబాద్ పోతున్న. పద్నాలుగు కాదు, నలభై ఇచ్చినా పొడిపించుకుంట. మా ఇంటామె నారమ్మ ఇయ్యాల్నే పొమ్మని మొత్తుకుంటున్నది. గని లాడ్లేను ఇడిచిపెట్టి ఎట్ల పోను?"

"యాడున్నడో ఎవరికి తెలుసు?"

"ఇయ్యాల పొద్దుమూకి వస్తడట. రేపు మీది ఆఖరి బుధవారం గద. పండుగకు ఇంట్ల ఉంట అని కబురంపిండు."

పొద్దు మునిగేలోపు లేగ సచ్చింది. గుంత తీసి ఉప్పు పోసి పూడ్చిన్రు. లాడ్లేసాబ్ ఆ సాయంత్రం రాలేదు. వానకు వాగు ఒచ్చి ఆగిండన్నరు. తెల్లారినంక వచ్చిండట. వచ్చి తల్లిని, పెండ్లాన్ని బండిల ఎక్కించుకొని సక్కగ అల్లం మడికాడికే పోయిండట.

సఫర్ నెల ఆఖరి బుధవారం పైగంబర్ సాబ్‌కు జబ్బు నయమైందని, స్నానం చేసి బయటికొచ్చిన్రని జనం చెప్పుకుంటరు. అందుకే ఆ దినం ఆడోళ్ళు, మొగోళ్ళు ఊరు బయటికి పోయి పచ్చగడ్డి మీద నడుస్తరు. తోటలల్ల వండుకొని తింటరు. కష్టం కాలి కింద పడి పోతదంటరు. చదువుకున్నోళ్ళు చెప్పేది వేరే ఉన్నది. నయమైన దినం కాదది. పైగంబర్ సాబ్‌కు చివరి జబ్బు మొదలైందే ఆ దినాలల్ల. ఆ జబ్బుల కెల్లి ఆయన లేవలేదు. రుక్నుద్దీన్‌కు ఆ సంగతి తెలుసు. ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఏడాదికొక్కపారి ఆడోళ్ళు గడ్డి మీద నడుస్తరు, దాన్నెందుకు చెడగొట్టాలె అనుకునేటోడు.

వీరప్ప, రుక్నుద్దీన్ మడి చేరేసరికి పొయ్యి మీద బగారన్నం ఉడుకుతున్నది. వాన కడిగిన గడ్డి మెరుస్తున్నది. మౌలాబీ చెప్పులు ఇడిచి గట్టు మీద నడుస్తున్నది, నవ్వుతున్నది. ఖాసింబీ చాప మీద కూసున్నది. లాడ్లేసాబ్ బండి నీడల, ఎండ లేకున్నా, మెడకు తువ్వాల సుట్టుకొని కూసున్నడు.

"రా భాయ్‌సాబ్," అన్నడు. గొంతు బొంగురుపోయింది. "వాగు కాడ తడిసిన. పడిశం పట్టింది."

రుక్నుద్దీన్ ఆయన పక్కన కూసున్నడు. లేగ సంగతి చెప్పాలని వచ్చినోడు ఆయన చెయ్యినే చూసిండు. లాడ్లేసాబ్ మాట్లాడుకుంట మాట్లాడుకుంట మణికట్టు గోకుతున్నడు. మానిన గాయం అది, పక్కు లేదు, తెల్లటి మచ్చ. గోకి గోకి ఎర్రగ చేసిండు.

"నొప్పా?"

"నొప్పి కాదు. చీమలు పాకినట్టున్నది, లోపట. మొన్నటి సంది. చెయ్యి అంత పాకుతున్నయి. రాత్రి నిద్ర రాదు."

వీరప్ప ఎనకకు ఒక్క అడుగు ఏసిండు. ఏసి, ఏసినందుకు సిగ్గుపడి మళ్ళ ముంగటికొచ్చిండు.

మౌలాబీ గిలాసల షర్బత్ తెచ్చింది. "పొద్దటి సంది ఏం ముడుతలేడు అన్నా. పండుగ పూట. నువ్వన్న చెప్పు."

"తాగుత తాగుత," అన్నడు లాడ్లేసాబ్. గిలాస తీసుకున్నడు. మూతి దాంక తెచ్చిండు. అప్పుడు ఆయన మెడల నరాలు తాళ్ళ లెక్క లేసినయి. గొంతు ఒక్కపారి పైకెగిరి బిగుసుకున్నది. కండ్లు పెద్దగైనయి. చెయ్యి వణికి గిలాస గడ్డిల పడ్డది. షర్బత్ కాలి మీదికి పారితే కాలు గుంజుకున్నడు, నిప్పు తగిలినట్టు.

పొయ్యిల కట్టె చిటపటమన్నది.

లాడ్లేసాబ్ నవ్వబోయిండు. "పడిశం... గొంతు పట్టేసింది." మడి మీదికెల్లి సల్లటి గాలి వచ్చి మొఖానికి తగిలింది. ఆ గాలికే ఆయన గొంతు మళ్ళ బిగుసుకపోయింది. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నడు. తువ్వాల మీదికెల్లి రుక్నుద్దీన్ దిక్కు చూసిండు. ఆ చూపుల కోపం లేదు. కోపం ఉంటే బాగుండు అనిపించింది రుక్నుద్దీన్‌కు.

"భాయ్‌సాబ్," అన్నడు మెల్లగ, "సూదులు... ఇప్పుడు పొడిపించుకుంట. భయం లేదు. పోదాం పా."

వీరప్ప మొఖం పక్కకు తిప్పుకొని ఎడ్ల కాడికి పోయిండు. మౌలాబీ అన్న మొఖం చూసింది, మొగని మొఖం చూసింది. కింద పడ్డ గిలాస తీసి కొంగుల దాసుకున్నది, ఎందుకో ఆమెకే తెల్వదు.

ఖాసింబీ చాప మీదికెల్లి లేసి వచ్చింది. ఆమెకు అర్థమైంది. ఎనభై ఏండ్ల మనిషికి అర్థం కాకుంట ఉంటదా? వచ్చి రుక్నుద్దీన్ చెయ్యి పట్టుకున్నది. పట్టు గట్టిగున్నది.

"ఇయ్యాల ఆఖరి బుధవారం," అన్నది. "పైగంబర్ సాబ్‌కు నయమైన దినం. ఈ దినం ఎవరు పడ్డా లేస్తరు అంటరు. నీ వరుసలు చూసి చెప్పు మౌల్వీ. నయమైన దినమేనా, కాదా? నువ్వు చెప్పింది వింట. మళ్ళ అడుగ."

రుక్నుద్దీన్ కండ్ల ముంగట ఉస్తాద్ కనబడ్డడు, పేర్లు కనబడ్డయి. ఒక్కొక్క పేరు కాడ ఎన్ని దినాలు కూసున్నడో అది కనబడ్డది. ఆ మాటకు వరుస లేదు. ఒక్క మనిషి లేడు. లాడ్లేసాబ్ తువ్వాల చాటుకెల్లి వింటున్నడు. వినుకుంట ఊపిరి ఆపుకున్నడు.

"నయమైన దినమే అమ్మీ," అన్నడు రుక్నుద్దీన్.

"నిజమా?"

"నిజం."

ముసలామె చెయ్యి ఇడిచిపెట్టింది. కొడుకు కాడికి పోయి తల నిమిరింది. "విన్నవా లాడ్లా? మౌల్వీనే అన్నడు," అన్నది. లాడ్లేసాబ్ తల ఊపిండు. ఆ మాట పట్టుకొని లేసి నిలబడ్డడు. తనంత తానే నడిచి బండెక్కిండు.

నీళ్ళు కనబడితే మళ్ళ గొంతు బిగుస్తదని వీరప్ప బండిలున్న నీళ్ళకుండను దింపి గట్టు అవతల పెట్టిండు. తొవ్వల వాగు ఉన్నది, అది కనబడకుంట బండికి దుప్పటి అడ్డం కట్టిన్రు. వాగు కాడికి వచ్చేసరికి, చప్పుడు గూడ వినబడొద్దని, రుక్నుద్దీన్ రెండు చేతులతోని బావ చెవులు మూసి పట్టుకున్నడు. అరచేతుల కింద ఆయన దవడలు ఒక్కతీరుగ కొట్టుకుంటున్నయి. హైదరాబాద్ బస్సు ఆగే రోడ్డు ఇంకా దూరం ఉన్నది.